ఏడోసారికి అతికిన ఉంగరం

మా సాయంత్రం క్లాసులో తయారైన ఒక వెండి ఉంగరాన్ని నా బల్ల సొరుగులో దాచుకున్నాను. అతుకు పక్కన, అతికించడానికి కరిగించే టంకం ఆవగింజలా గుండ్రంగా ముడుచుకుని ఉంటుంది. అతుకు మాత్రం అతకలేదు. గోరు పెట్టి కాస్త తెరిస్తే విచ్చుకుంటుంది. చేసినావిడకు అది నాలుగోసారి. చివరికి ఏడోసారికి కుదిరింది. మధ్యలో పోయినవాటిలో చాలావాటికి కారణం నేనే. ఆ సంగతి నాకు తెలియడానికి వారాలు పట్టింది. పెద్దవయసువాళ్ళకు ఈ పని నేర్పుతున్న తోటివాళ్ళకు పనికొస్తుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ముందు క్లాసు సంగతి చెప్పాలి. నేను కృష్ణా జిల్లాలో కుంపటి ఉన్న ఇంట్లో పుట్టాను. మా చుట్టాల్లో చాలామంది మచిలీపట్నం వెళ్ళి చిలకలపూడి గిల్టు నగల పనిలో స్థిరపడ్డారు. నాన్న మాత్రం చివరిదాకా బంగారం పనే చేశారు. తొమ్మిదో ఏట ఆయన పక్కన కూర్చున్నాను. మొదటి ఏడాదంతా బొగ్గులు విసరడం, రజను ఊడ్చి పోగుచేయడం, వెలిగారం (బోరాక్స్) అరగదీయడం, అంతే. ఊదుగొట్టం చేతికివ్వలేదు. ఇచ్చేనాటికి నిప్పు రంగులన్నీ నా కళ్ళకు అలవాటైపోయాయి. ఎవరూ నాకు మాటల్లో చెప్పలేదు. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి, దీని దగ్గరికే మళ్ళీ వస్తాను.

ఇప్పుడు విజయవాడ సత్యనారాయణపురంలో, మేడమీది గదిలో, వారానికి రెండు సాయంత్రాలు క్లాసు నడుపుతున్నాను. ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా, మొత్తం పన్నెండు వారాలు. బల్లలు ఆరే, కాబట్టి ఆరుగురే. కింద బాసింపట్టు వేసుకుని రెండు గంటలు కూర్చోవడం వీళ్ళవల్ల కాదు. అందుకని బల్లలు ఎత్తుగా చేయించాను. పనిచేసే చెక్క గుండె ఎత్తుకు రావాలి. అప్పుడే మెడ వంచకుండా చేతిలోని వస్తువు కంటికి దగ్గరవుతుంది.

ఈ కేసులో ఉన్నావిడ వయసు 61. బ్యాంకులో క్యాషియరుగా చేరి మేనేజరుగా రిటైరయ్యారు. కూతురికి పాప పుట్టింది, అన్నప్రాశన నాటికి పాపకు వెండి కడియాలు చేయాలన్నది ఆవిడ కోరిక. మొదటిరోజు నేను అడిగాను, "అమ్మా, కడియాలు బజార్లో దొరుకుతాయి కదా" అని. "కొనడానికైతే బీసెంట్ రోడ్డులో అరగంట పని మాస్టారూ. నా చేత్తో చేసి తొడగాలని" అన్నారు. వచ్చేటప్పుడు గట్టి అట్ట వేసిన పొడుగాటి లెక్కల పుస్తకం ఒకటి తెచ్చుకున్నారు. ఏ రోజు ఏ బల్ల దగ్గర ఏం చేశారో, ఏం పోయిందో అన్నీ అందులో రాసేవారు. ఈ కేసు తేలిందంటే ఆ పుస్తకంవల్లే.

మొదటి మూడు వారాలు రాగి మీద పని. వెంట్రుకంత రంపపు బ్లేడు పట్టడం దగ్గరే చాలామంది నీరసపడతారు. పళ్ళు పిడి వైపుకు, కిందికి చూడాలి. కోత పడేది కిందికి లాగినప్పుడే, పైకి తీసేటప్పుడు చేయి వదులుగా ఉండాలి. రేకు మందంలో కనీసం రెండు మూడు పళ్ళు పట్టాలి, లేకపోతే పళ్ళు చిక్కుకుని బ్లేడు తెగుతుంది. బ్లేడుకు అప్పుడప్పుడు కొవ్వొత్తి మైనం రాస్తే సాఫీగా నడుస్తుంది. మొదటి సాయంత్రం ఆవిడ తొమ్మిది బ్లేడులు విరగ్గొట్టారు. మూడో వారానికి రెండు గంటలకు ఒకటి విరిగేది. నోట్లు లెక్కపెట్టిన వేళ్ళు కదా, బిగించకుండా పట్టుకోవడం త్వరగానే వచ్చింది.

కొలతల దగ్గర నేను చెప్పాల్సిందేమీ లేకపోయింది. పన్నెండో నంబరు ఉంగరం అంటే లోపలి చుట్టుకొలత 52 మిల్లీమీటర్లు. మన దగ్గర వాడే నంబరుకు 40 కలిపితే దాదాపు ఆ లెక్క వస్తుంది. అలాగని 52 మిల్లీమీటర్ల తీగ కోస్తే ఉంగరం వేలికి ఎక్కదు. తీగను వంచినప్పుడు లోపలి వైపు ముడుచుకుంటుంది, బయటి వైపు సాగుతుంది. లోపలి వ్యాసానికి తీగ మందం కలిపి 3.14తో హెచ్చవేయాలి. 16.5కు 2 కలిపితే 18.5, హెచ్చవేస్తే 58. ఆవిడ బోర్డు మీద లెక్క చూసి, "మందానికి సగం సగం రెండు వైపులా కలుపుతున్నామన్నమాట" అన్నారు. మిగతావాళ్ళకు అదే నేను అరగంట చెప్పాల్సి వచ్చింది.

రాగి తీగతో మూడు రింగులు అతికించారు. మూడూ బాగానే వచ్చాయి. నాలుగో వారం వెండి చేతికిచ్చాను. అక్కడి నుంచి మొదలైంది.

తెలియనివాళ్ళకు టంకం గురించి రెండు మాటలు. టంకం కూడా వెండే, కాకపోతే అసలు వెండికంటే ముందే కరిగేలా కొంచెం రాగి, జింకు కలిపింది. మా నాన్న రెండు పాళ్ళు వెండికి ఒక పాలు ఇత్తడి కలిపి మూసలో కరిగించుకునేవారు. ఇప్పుడు కొలతగా చేసిన రేకు దొరుకుతుంది. దీపం వత్తి నూనె పీల్చుకున్నట్టు అతుకు సందు కరిగిన టంకాన్ని పీల్చుకుంటుంది. సందు పెద్దదైతే పీల్చదు. మసి, జిడ్డు ఉంటే అంటదు. వేడి చేసినకొద్దీ లోహం మీద నల్లటి పొర కడుతుంది, దాన్ని కట్టనివ్వకుండా కాపాడేది వెలిగారం. ఇంతవరకు అందరికీ తెలిసిందే. చిక్కంతా వేడి దగ్గర ఉంది. మేం వాడే గట్టి టంకం 745 డిగ్రీల దగ్గర కరగడం మొదలవుతుంది. 925 వెండి, అంటే వెయ్యి పాళ్ళలో 925 వెండి, మిగతాది రాగి ఉన్నది, దాదాపు 800 దగ్గర మెత్తబడుతుంది, 893 దగ్గర నీరవుతుంది. అంటే పనివాడి చేతిలో ఉన్నది 50 డిగ్రీల సందు.

మొదటిసారి అతుకు అంచులు సరిగ్గా కలవలేదు. ఉంగరాన్ని కిటికీ వైపు పెట్టి చూస్తే సందులోంచి వెలుతురు కనిపించింది. టంకం కరిగి ఒక అంచుకు పాకి ఆగిపోయింది. ఇది అందరూ చేసే తప్పే. రెండు అంచుల మధ్య రంపాన్ని ఒకసారి నడిపిస్తే రెండూ ఒకే వాలుకు వస్తాయి, మళ్ళీ నొక్కితే కలుస్తాయి. అతుకులో సిగరెట్ కాగితం కూడా దూరకూడదని చెప్పాను. రెండోసారి అంచులు చక్కగా కలిశాయి. ఈసారి టంకం కరిగి గుండు కట్టింది, సందులోకి దిగలేదు. "వేడి చాల్లేదమ్మా, ఎర్రబడేదాకా ఉంచండి" అన్నాను. మూడోసారీ గుండే.

అక్కడ నేనొక నిర్ణయానికి వచ్చేశాను. ఆవిడకు నిప్పంటే భయం అనుకున్నాను. అనుకోవడానికి కారణం లేకపోలేదు. గ్యాస్ టార్చిని జానెడు దూరంలో పట్టుకుని, ముఖం కాస్త పక్కకు తిప్పుకుని కాల్చేవారు. అంతకుముందు వారం పక్కబల్ల కుర్రాడి ఉంగరం చూస్తుండగానే కుప్పకూలి ముద్దయిపోయింది, ఆవిడ అది కళ్ళారా చూశారు. మూడోదాన్నే మళ్ళీ కాల్చిస్తూ నేను ఆవిడ చేతిమీద చేయి వేసి టార్చి నడిపించాను. పది సెకన్లలో టంకం మెరిసి సందులోకి దిగింది. "చూశారా, వచ్చేసింది" అన్నాను. ఆవిడ పుస్తకంలో ఆ రోజు రాసుకున్నది తర్వాత చూశాను: "3వది అతికింది. అతికించింది మాస్టారు. నాకు ఏం కనపడాలో కనపడలేదు." నేను నేర్పేశాననుకుని ఇంటికెళ్ళాను. ఆవిడ సమస్య ఏమిటో ఒక్క వాక్యంలో రాసిపెట్టుకున్నారు.

మూడో అతుకును ఆవిడ లెక్కలోకి తీసుకోలేదు. కోసేసి నాలుగోసారి ఒంటరిగా చేశారు. మళ్ళీ గుండు కట్టింది. సొరుగులో ఉన్న ఉంగరం అదే. ఈసారి నేను శుభ్రం మీద అనుమానపడ్డాను. పాత టంకం గీకారా, వేలు తగిలి జిడ్డు అంటిందా, నిమ్మ ఉప్పు నీళ్ళలో నలుపు పోయేదాకా ఉంచారా అని అడిగాను. అన్నీ చేశారు. నేనడక్కముందే పుస్తకం తెరిచి చూపించారు.

ఐదోసారి జరిగింది రాయడం కష్టంగానే ఉంది, కానీ వదలకూడదు. మన టంకం కరగడం లేదని ఆవిడ వన్‌టౌన్‌లో ఒక దుకాణానికి వెళ్ళి, "తేలిగ్గా కరిగే టంకం" అడిగి తీగ ముక్క తెచ్చుకున్నారు. నాకు చెబుదామనుకుని, నేను వేరే బల్ల దగ్గర ఉంటే మొదలుపెట్టేశారు. టంకం చక్కగా పారింది. దాంతోపాటు పసుపు కలిసిన గోధుమరంగు పొగ సన్నగా లేచింది. ఆ రంగు నాకు తెలుసు. గ్యాస్ కట్టేయించి, కిటికీలు తెరిచి, అందరినీ కిందికి పంపించేశాను. మర్నాడు దుకాణంవాళ్ళకు ఫోన్ చేస్తే అందులో కాడ్మియం కలుస్తుందని ఒప్పుకున్నారు. కాడ్మియం 767 డిగ్రీలకే ఆవిరైపోతుంది. ఆ పొగ పీలిస్తే అప్పటికప్పుడు ఏమీ అనిపించదు, గంటల తర్వాత జ్వరం, ఆయాసం మొదలవుతాయి, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. ఆ రాత్రి ఆవిడ కూతురికి ఫోన్ చేసి ఏ లక్షణాలు చూడాలో చెప్పాను, పొద్దున్నే డాక్టరు దగ్గరికి పంపించాను. అదృష్టం, ఏమీ కాలేదు. "కెడిఎం బంగారం" అని దుకాణాల బోర్డుల మీద గొప్పగా రాసుకున్న రోజులు మనందరికీ గుర్తే. ఆ మాట కాడ్మియం నుంచే వచ్చింది. ఆ బోర్డుల వెనక గదుల్లో కిటికీ లేకుండా కూర్చుని ఆ పొగ పీల్చినవాళ్ళలో నాకు తెలిసినవాళ్ళు ఉన్నారు. ఇదంతా తెలిసిన నేను మొదటిరోజే "బయటి టంకం ఈ గదిలోకి తేవద్దు" అని ఒక్క మాట చెప్పి ఉండాల్సింది. పైగా అది పాప చేతికి, అక్కడి నుంచి నోట్లోకి వెళ్ళే వస్తువు కోసం నేర్చుకుంటున్న పని.

ఆ వారం క్లాసు ఆపేశాను. ఆవిడ పుస్తకం అడిగి తీసుకుని ఇంట్లో కూర్చుని మొత్తం చదివాను. ఆవిడ తన సంగతే కాకుండా పక్కవాళ్ళవీ రాశారు, బల్ల నంబర్లతో సహా. ముద్దయిపోయిన ఉంగరాలు మూడు. గుండుకట్టిన అతుకులు ఆవిడవి, ఇంకొకరివి. అవన్నీ కిటికీ వైపు ఉన్న నాలుగు బల్లల మీదే. వెనక రెండు బల్లలవాళ్ళు నాలుగో వారంలోనే వెండి అతికించేశారు. వాళ్ళేమీ చేయి తిరిగినవాళ్ళు కారు. ఒకాయనైతే రంపం దగ్గర అందరికంటే వెనకబడ్డాడు.

గదికి వెళ్ళి ఆ బల్లల దగ్గర నిలబడ్డాను. వెనక రెండు బల్లలు అటక కింద ఉంటాయి. అక్కడికి వెలుతురు అంతగా రాదు. ముందు నాలుగు బల్లల మీద ఆ వేసవిలోనే కొత్తగా ఎల్‌ఈడీ ట్యూబులు వేయించాను. పెద్దవాళ్ళ కళ్ళు కదా, బాగా కనపడాలని ఒక్కో బల్లకు ఒక్కోటి, నెత్తిమీదే.

లోహం వేడెక్కి ఎర్రబడటం చీకట్లో అయితే 525 డిగ్రీల చుట్టుపక్కల కంటికి తెలియడం మొదలవుతుంది. మసక వెలుతురులో టంకం కరిగే వేడికి ముదురు ఎరుపు స్పష్టంగా కనపడుతుంది. నెత్తిమీద తెల్లటి ట్యూబు వెలుగుతుంటే ఆ ఎరుపు దాదాపు కనపడదు. కనపడేనాటికి వెండి మెత్తబడిపోయి ఉంటుంది. నేను ఆరుగురికీ ఒకే మాట చెప్పాను, "ఎర్రబడేదాకా" అని. ధైర్యం ఉన్న కుర్రాళ్ళు ఎరుపు కోసం కాలుస్తూ పోయారు, ఉంగరం కూలిపోయింది. జాగ్రత్త ఉన్నావిడ ఎరుపు కోసం దూరం నుంచి మెల్లగా కాలుస్తూ ఎదురుచూశారు. అలా నిమిషాలు గడిస్తే వెలిగారం శక్తి అయిపోతుంది, నల్లపొర కట్టేస్తుంది, టంకంలోని జింకు కొంత ఆవిరైపోయి అది ఇంకా మొండికేస్తుంది. గుండు కడుతుంది. ఒకటి ఎక్కువ కాల్చిన తప్పు, ఒకటి తక్కువ కాల్చిన తప్పు అని నేను వేరువేరుగా చూశాను. రెండింటికీ మూలం ఒక్కటే.

మరి రాగి మీద ఎందుకు బయటపడలేదు? రాగి 1085 డిగ్రీల దాకా కరగదు. టంకం కరిగాక కూడా ఇంకా 300 డిగ్రీల వెసులుబాటు ఉంటుంది, కాబట్టి ఎరుపు చూసినా చూడకపోయినా రింగు కూలదు. పైగా ఆ మూడు వారాలూ అందరూ ధైర్యంగా పెద్ద మంట పెట్టారు, రాగి పోతే పోయిందని. చవకని, భద్రమని రాగితో మొదలుపెట్టించడం మంచిదే. ఇప్పటికీ అలాగే చేయిస్తున్నాను. కానీ రాగి మీద వచ్చిన మంచి అతుకు వెండి గురించి ఏమీ చెప్పదు.

ఇక్కడ నాన్న గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. మా పాత ఇంట్లో ఆయన కుంపటి వసారాలో ఒక మూల, తడిక చాటున ఉండేది. గీత గీయడం, రాళ్ళు పొదగడం అన్నీ వాకిట్లో వెలుతురులో చేసేవారు. అతుకు పెట్టాలంటే లేచి ఆ మూలకు వెళ్ళేవారు. బల్బు పెట్టిస్తానని పదోతరగతిలో ఉన్నప్పుడు నేనంటే వద్దన్నారు. కరెంటు బిల్లుకు భయపడుతున్నారనుకున్నాను, ఇన్నేళ్ళూ అలాగే అనుకుంటూ వచ్చాను. నా కళ్ళు ఆ మూలలో తయారయ్యాయి. అందుకే ట్యూబు కింద కూడా నాకు తెలిసిపోతుంది. ఎరుపు కనపడక్కర్లేదు, వెలిగారం మెరుపు, లోహం మీద రంగు కదలడం, ఇలా పది చూసి చేయి దానంతటదే కదులుతుంది. నా చేయి వేసి అతికించినప్పుడు ఆవిడకు అందనిది అదే.

తిరిగి క్లాసు పెట్టినరోజు ట్యూబులు ఆర్పేసి, గోడ దగ్గర చిన్న పసుపు బల్బు ఒక్కటి ఉంచాను. పనికిరాని వెండి తీగ ముక్క బొగ్గు దిమ్మ మీద పెట్టి, అందరినీ చుట్టూ నిలబెట్టి, టంకం లేకుండా ఉత్తినే కాల్చాను. వెలిగారంలో ఏం జరుగుతుందో పైకి చెబుతూ కాల్చాను. ముందు నీళ్ళు బుసబుసమంటాయి. తర్వాత వెలిగారం పేలాల్లా తెల్లగా పొంగుతుంది, ఆ పొంగుకే టంకం ముక్క పక్కకు జరిగిపోతుంది, జరిగితే పుల్లతో వెనక్కి తోయాలి. ఇంకా కాలిస్తే పొంగు అణిగి గమ్ములా అంటుకుంటుంది. ఆ తర్వాత ఒక్కసారిగా గాజులా కరిగి, తడి పూసినట్టు మెరుస్తుంది. వెలిగారం కరిగేది 743 డిగ్రీల దగ్గర. మా గట్టి టంకం కరగడం మొదలయ్యేది 745 దగ్గర. అంటే వెలిగారం గాజైందంటే టంకం ఇంకో క్షణంలో ఉందన్నమాట. మన చేతిలోనే థర్మామీటరు ఉంది. ముప్పై ఏళ్ళుగా వాడుతున్నాను, ఎవరికీ ఇలా వరసగా చెప్పలేదు. ఆవిడ నాలుగు దశలకూ నంబర్లు వేసి రాసుకున్నారు.

ఆరోసారి ఎరుపు కనపడింది. "మాస్టారూ, ఇదా!" అన్నారు. ఆ గొంతు నాకింకా గుర్తుంది. కానీ టంకం గబుక్కున కరిగి అతుకులోకి వెళ్ళకుండా కుడిపక్కకు ఎక్కేసింది. ఈ తప్పుకు వెలుతురుతో పనిలేదు. మంటను ఆవిడ టంకం ముక్క మీద గురిపెట్టారు. నిజం చెప్పాలంటే అది కూడా నా దగ్గర చూసి నేర్చుకున్నదే. నేను బంగారం పనిలో పెరిగాను. 22 క్యారట్ల బంగారం మీద సన్నటి మంట పెడితే వేడి ఆ చోట కాసేపు నిలుస్తుంది, అతుకు ఒక్కటీ కాల్చుకోవచ్చు. వెండి అలా ఊరుకోదు. వేడిని పాకించడంలో లోహాలన్నింటిలోనూ వెండిదే మొదటి స్థానం. అతుకు దగ్గర పెట్టిన వేడిని ఉంగరమంతా లాక్కుపోతుంది. కాబట్టి ముందు ఉంగరం మొత్తాన్ని సమంగా కాచాలి. అతుకుకు ఎదురు వైపు నుంచి మొదలుపెట్టి మంటను చుట్టూ తిప్పుతూ ఉండాలి. వెలిగారం గాజయ్యాకే మంటను అతుకు మీదికి తేవాలి, అదీ రెండు అంచులకూ సమంగా. టంకం వేడి ఎటు ఎక్కువుంటే అటే పరుగెడుతుంది. దాన్ని కాల్చకూడదు, దానికి దారి చూపించాలి.

ఏడోసారి నేను దూరంగా, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను. నోరు కూడా విప్పలేదు. ఆవిడ తనలో తాను గొణుక్కుంటూ కాల్చారు: "ఒకటి... రెండు, పొంగింది... మూడు... నాలుగు." మంట అతుకు మీదికి వచ్చింది. నువ్వుగింజంత టంకం ముక్క ఒక్కసారి వణికి, పాదరసంలా మెరిసి, అతుకు వెంట సన్నటి వెండి గీతలా పారిపోయింది. మంట తీసేశారు. ఎరుపు పోయేదాకా ఆగి, ఇత్తడి పట్టకారుతో నిమ్మ ఉప్పు నీళ్ళలో వేశారు. ఇనప పట్టకారు ఆ నీళ్ళలో ముంచితే వెండి మీద రాగి పూత పడుతుందని మొదట్లో ఒకసారి చెప్పాను, మర్చిపోలేదు. కడ్డీకి ఎక్కించి చెక్క సుత్తితో గుండ్రంగా కొట్టారు. అతుకు విచ్చుకోలేదు.

మెరుగు పెట్టేటప్పుడు ఇంకో చిన్న చిక్కు వచ్చింది. అన్నిసార్లు కాల్చిన తీగ కదా, ఎంత రుద్దినా బూడిదరంగు మచ్చలు పోలేదు. 925లో ఉన్న రాగి లోపల దాకా కాలి అలా నీడలా కనిపిస్తుంది. ఆకురాయితో పైపొర తీసేయడం తప్ప దారి లేదు. తర్వాత నుంచి కాల్చే ముందు బోరిక్ పౌడర్‌ను స్పిరిట్‌లో కలిపి వస్తువంతా పూసి, ఆ స్పిరిట్‌ను వెలిగించి ఆరనివ్వడం అలవాటు చేయించాను. తెల్లటి పొర మిగిలి వెండిని కాపాడుతుంది.

తొమ్మిదో వారంలో కడియాలు మొదలయ్యాయి. నాలుగు మిల్లీమీటర్ల తీగను కమ్మచ్చులో, అంటే తీగను సన్నబరిచే బెజ్జాల పలకలో లాగి మూడుకు తెచ్చారు. మధ్యలో రెండుసార్లు కాల్చి మెత్తబరిచారు. ఈ కాల్చడానికి ఒక ఉపాయం ఉంది. తీగ మీద పర్మనెంట్ మార్కరుతో గీత గీస్తే, మెత్తబడే వేడి దగ్గరికి వచ్చేసరికి గీత మాయమవుతుంది. లోపలి వ్యాసం 40, తీగ మందం 3, కలిపి 43. హెచ్చవేస్తే 135 మిల్లీమీటర్లు. ఒక్కో కడియం పది గ్రాములకు కాస్త తక్కువ తూగింది, ఇప్పటి లెక్కలో తులం.

ఉంగరం రెండు గ్రాములైనా లేదు, కడియం దానికి ఐదింతలు. చిన్న టార్చితో ఎంతసేపు కాల్చినా వెలిగారం మూడో దశ దాటలేదు. ఆవిడ వెంటనే మంట తీసేసి, "మాస్టారూ, మూడు దగ్గర ఆగింది, వేడి చాలడం లేదు" అని పిలిచారు. అయిదు వారాల కిందట ఇదే పరిస్థితిలో ఆవిడ దగ్గర చెప్పడానికి మాట లేదు. మూడు పక్కలా అగ్గి ఇటుకలు పేర్చి వేడి బయటికి పోకుండా గూడు కట్టాం. టార్చికి పెద్ద ముక్కు తొడిగాం. మొదటి కడియం మొదటిసారికే అతికింది. రెండోదీ అతికింది, కానీ ఆకురాయి పట్టాక అతుకులో సూదిమొనంత బెజ్జం కనిపించింది. పైకి కాస్త టంకం పూసి కప్పేయొచ్చు, బజారు వస్తువుల్లో చాలామంది అదే చేస్తారు. చెమట, పాలు ఆ బెజ్జంలో చేరి నల్లబడుతుందని చెప్పాను. నిర్ణయం ఆవిడకే వదిలేశాను. ఆవిడ రంపం తీసుకుని అతుకు కోసేశారు. ఒక మిల్లీమీటరు పోయింది, అంటే లోపలి వ్యాసం మూడో వంతు మిల్లీమీటరు తగ్గింది. "పాపకు తెలియదులెండి" అని నవ్వి, మళ్ళీ అతికించారు. లోపలి అంచులను నున్నటి కాగితంతో రుద్ది, తన బుగ్గకు రాసుకుని చూసుకున్నారు, ఎక్కడైనా గీరుకుంటుందేమోనని.

అన్నప్రాశన నాటికి రెండూ సిద్ధమయ్యాయి. ఫొటో పంపించారు. పాప ఒక కడియాన్ని నోట్లో పెట్టుకుని ఉంది.

గదిలో మార్పులు చేశాను. ప్రతి బల్ల దగ్గర ట్యూబుకు విడిగా స్విచ్ పెట్టించాను, రంపానికీ ఆకురాయికీ వెయ్యడానికి, టార్చి వెలిగించేముందు ఆర్పడానికి. వెలిగారం నాలుగు దశలను గోడమీద రాయించాను, ఆవిడ పుస్తకంలోని మాటలతోనే. టంకం నేనే కొని ఇస్తున్నాను, కాడ్మియం లేదని ప్యాకెట్టు మీద రాసి ఉన్నదే. కాల్చే బల్ల దగ్గర పొగ లాగే ఫ్యాను బిగించాను. "ఎర్రబడేదాకా" అనే మాట మానుకోవడానికి ప్రయత్నిస్తున్నాను, ఇంకా అలవాటుగా నోటికి వస్తూనే ఉంది. చేతిమీద చేయి వేసి చూపించడం పూర్తిగా మానేశాను. ఎవరికైనా కుదరకపోతే ఇప్పుడు మొదట అడిగేది, "మీకు ఏం కనపడుతోంది?" అని.

ఆవిడ వచ్చే బ్యాచ్‌కి మళ్ళీ పేరు ఇచ్చారు. పాప పెరుగుతోంది, కడియాలను కోసి, ముక్క కలిపి పెద్దవి చేయడం నేర్చుకోవాలట. ఒక కడియానికి రెండు అతుకులు, మొదటిది కరిగిపోకుండా రెండోది పెట్టాలి. దానికి ఇంకాస్త తక్కువ వేడికి కరిగే టంకం కావాలి. వెనక అటక కింది బల్ల తనకే ఉంచమన్నారు.